గల్లా వెనక దాచిన చెప్పులు

ఈరోజు సూపర్‌మార్కెట్ గేటు దగ్గర మెషిన్ కూసింది. గార్డు ఒక ముసలితల్లి సంచిని అందరి ముందు గుమ్మరించాడు. ఏమీ దొరకలేదు. నా కాళ్లు మాత్రం అక్కడే ఆగిపోయాయి.

మన కార్వాన్ బస్తీలోని బట్టల దుకాణాలు గుర్తున్నాయా? కొనేవాళ్లు చెప్పులు బయట విప్పి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చునేవాళ్లు. కొత్త గుడ్డల గంజి వాసన! అక్కడే దుకాణం నడిపిన మా బాపుకు ఎవరి మీదైనా అనుమానమొస్తే అరిచేవాడు కాదు. మెల్లగా వాళ్ల చెప్పులు తెచ్చి గల్లా వెనక పెట్టేవాడు. చెప్పులు లేకుండా ఎవరు పోతారు?

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, చూపించిన గుడ్డల్లో ఎర్రది కనబడలేదు. చూస్తున్నామె లేచింది.

"అన్నా, నా చెప్పులేవి?"

"ఎర్ర జాకెట్ గుడ్డ ఇయ్యమ్మా, చెప్పులిస్త."

"నేనేడ తీసిన? దేవుడు చూస్తుండు."

సంచి దులిపి చూపించి, కాలే రోడ్డు మీద ఉత్త కాళ్లతో వెళ్లిపోయింది.

సాయంత్రం దుప్పటి దులిపితే మడతలోంచి ఆ గుడ్డ రాలింది. బాపు చెప్పులు పట్టుకొని నయాపూల్ వంతెన దాకా ఉరికి, వాటితోనే తిరిగొచ్చాడు.

మిత్రులారా, పది ఆజ్ఞల్లో దొంగతనం వద్దన్న ఆజ్ఞ వెంటనే అబద్ధ సాక్ష్యం వద్దన్న ఆజ్ఞ ఉంది! మొదటిదాన్ని గోడకు వేలాడదీస్తాం, రెండోదాన్ని తొక్కుకుంటూ పోతాం.

బాపు మళ్లీ ఎవరి చెప్పులూ ముట్టలేదు. కానీ ఏ ఆడమనిషి దుకాణం మెట్లెక్కినా, ముఖం కంటే ముందు పాదాలు చూసేవాడు. ఆమె రాలేదు. ఆయన చూడటం మానలేదు.