తెల్ల చామంతి తలమొగ్గ

నా చిన్నప్పటి బేరాలన్నిటిలోకి ఘనమైనది ఒకటుంది. ఒక్క మొగ్గ పడేసి పన్నెండు మొగ్గలు మిగిల్చాను. తరాల తరబడి తక్కెడ పట్టిన మా బజారు సావుకార్లలో ఒక్కరికైనా ఒక్క చిటికెలో అంత లాభం వచ్చి ఉండదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మొక్క మాత్రం నాది కాదు.

మాది పాలమూరు వైపు ఒక చిన్న పట్టణం. మా బాపుది కిరాణా కొట్టు. ఒక పక్క బట్టల దుకాణం, ఇంకో పక్క ఇత్తడి సామాన్లు, ఎదురుగా బెల్లం మండీ. అలాంటి చోట పుట్టిన పిల్లకు నడక కంటే ముందు బేరం వస్తుంది. అంగడికి వెళ్లేటప్పుడు మా అమ్మ నన్ను ముందు పెట్టుకుని నడిచేది. పావుకిలో వంకాయల మీద నేను రాబట్టిన కొసరుతో ఇంకో పూట పచ్చడి అయ్యేదని ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పుకునేది. ఐస్‌ఫ్రూట్ బండివాడు నన్ను దూరం నుంచి చూసి సందు మార్చుకున్న రోజులు కూడా ఉన్నాయి. వాటిని నేను బహుమతుల కింద జమ వేసుకునేదాన్ని.

మా బజారు చివర మున్సిపాలిటీ తోట ఉండేది. ఎండాకాలంలో అక్కడ దుమ్ము తప్ప ఏమీ కనిపించదు. దసరా వెళ్లి చలిగాలి తిరిగిందంటే మాత్రం ఆ తోటకు ప్రాణం వచ్చేది. ఆదివారం పొద్దున్నే పిల్లలను పోగుచేసి పని నేర్పేవారు. రాలిన ఆకులు గుంతలో వేసి ఎరువు చేయడం, బంతి నారు పోయడం, గులాబీ కొమ్మలు కత్తిరించడం, కుండీల్లో మట్టి మార్చడం. చలి ముదిరాక మూడు రోజులు పూల ప్రదర్శన. చుట్టుపక్కల పట్టణాల తోటల నుంచి కుండీలు లారీల్లో వచ్చేవి. బజారంతా దుకాణాలు వంతులవారీగా మూసి చూడటానికి వెళ్లేది.

మాకు పని నేర్పేది మాలి తాత. తోటలో మాలి కాబట్టి మాలి తాత. అందరికీ అదే పేరు. పల్చటి మనిషి, చెవుల చుట్టూ ఎప్పుడూ మాసిన మఫ్లరు. సెంటు భూమి లేని ఇంట్లో పుట్టి, ఇరవై ఏళ్లుగా ఆ తోటలో రోజుకూలీగా ఉన్నాడు. వచ్చిన రోజుకే కూలీ, రాని రోజుకు లేదు. ఆ ఏడాది తోటల ఆఫీసరు ఆయనకొక మాట ఇచ్చాడు. ఈసారి ప్రదర్శనలో మన తోట చామంతి మొదటి బహుమతి తెస్తే, పర్మనెంటుకు నీ పేరు రాసి పంపుతానన్నాడు. ఆ సంగతి మా బజారులో తెలియనివారు లేరు. బీడీల కోసం మా కొట్టుకు వచ్చినప్పుడల్లా మాలి తాత మెట్టు కింద నిలబడే చెప్పేవాడు. "పర్మనెంటైతే చాలు సేటూ. రేపు మంచంల పడ్డా గంత జీతం వస్తది. ఇంటిదానికి ఫికర్ ఉండది."

ఆ చామంతి తెల్లది. వానాకాలంలో పిలక నాటినప్పటి నుంచి ఆయన దానికి ఒకే కాండం ఉంచి, పక్కన సన్నని బద్ద పాతి, దారంతో కట్టి, పసిపిల్లను పెంచినట్టు పెంచాడు. మొగ్గలు బఠాణీ గింజలంత అయ్యాక ఒక ఆదివారం నన్ను పిలిచాడు. నా వేళ్లు సన్నగా ఉంటాయి, పక్క ఆకు చెడకుండా గిల్లగలవు అన్నాడు. మిగతా పిల్లలకు మామూలు కుండీలు ఇచ్చి ఆ కుండీ నా ముందు పెట్టాడు. నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. తలమొగ్గ ఒక్కటి ఉంచి, దాని కింద పుట్టిన పక్కమొగ్గలన్నీ గిల్లేయాలని చూపించాడు. లెక్కపెట్టాను. పక్కమొగ్గలు పన్నెండు.

"తాతా, పన్నెండు తీసేసి ఒక్కటి ఉంచుడేంది? నష్టం గాదా?"

"నష్టం గాదు సావుకారమ్మా. పన్నెండు నోర్లకు పోయే బువ్వ ఒక్క నోటికి పెడుతున్నం. గది పళ్లెమంత పూస్తది."

"పన్నెండు పూలైతే దండ అయితది. ఒక్కటేం జేసుకుంటరు?"

"నీకు దండ గావాలె, సారుకు పళ్లెం గావాలె. జర చెప్పినట్టు చెయ్యి."

అంతలో నల్లాలో నీళ్లు వచ్చాయని ఎవరో కేక వేశారు. నీళ్లు ఉండేది అరగంట. ఆయన బకెట్లు తీసుకుని ఉరికాడు.

నేను కుండీ ముందు కూర్చుని ఆలోచించాను. ఇక్కడే నా తెలివి చూడాలి. మాలి తాత మంచివాడే కానీ లెక్క రానివాడు అనుకున్నాను. ఆఫీసరు వచ్చి చూస్తే ఒక్క పువ్వుకు మురుస్తాడా, పన్నెండు పువ్వులకు మురుస్తాడా? ఆయనకు పర్మనెంటు కావాలి. దాన్ని నేను ఖాయం చేస్తాను. గోటితో తలమొగ్గను పుటుక్కున గిల్లేశాను.

ఆయన వచ్చేసరికి అది నా అరచేతిలో ఉంది.

"ఏం జేసినవ్ బిడ్డా?"

"పదకొండు లాభం తాతా."

ఆయన చేతిలో బకెటు చాలా నెమ్మదిగా కింద పెట్టాడు. తర్వాత నా పక్కన మట్టిలో కూర్చుని గిల్లిన చోటు వేలితో తడిమాడు. ఒక పెద్ద మనిషి ముఖం అలా వెలవెలపోవడం నేను అంతకుముందు చూడలేదు. కొట్టి ఉంటే ఏడుపు రాకపోయేదేమో. ఆ ముఖం చూసి వచ్చింది.

ఆయనే అన్నాడు. "సరే, ఇగ ఏడ్వకు. బేరగత్తెవు గదా, గీ పన్నెండింట్ల మంచి సరుకేదో నువ్వే ఏరు." నేను అన్నిటికంటే లావుదాన్ని చూపించాను. "గది గాదు. దాని మెడ వంకర, పువ్వు బరువు మొయ్యది. గిది జూడు. చిన్నగున్నది గని నిటారుగున్నది." ఆ చిన్నదాన్ని ఉంచి, తక్కిన పదకొండు నా చేతే గిల్లించాడు. ఒక్కొక్కటే మట్టిలో పడుతుంటే లెక్కపెట్టకుండా ఉండటానికి ప్రయత్నించాను. నాకు చేతకాలేదు.

"ఎవ్వలకు చెప్పకు. ఇంట్ల తెలిస్తే కొడ్తరు, మళ్ల నువ్వు తోటకు రావు" అన్నాడు.

పక్కమొగ్గ పువ్వు అవుతుంది కానీ తలమొగ్గ అంత తొందరగా కాదు. ప్రదర్శనకు ఇంకా నెల రోజులే ఉన్నాయి. ఆ నెలంతా బడికి ముందు తోటకు పోయేదాన్ని. మంచు దిగి చెట్లు మసకగా ఉండేవి. మాలి తాత కుండీని ఎండ ఎక్కడ పడితే అక్కడికి జరిపేవాడు, పొద్దుగూకితే గోనెసంచి చుట్టేవాడు. ఆ సంచి మా కొట్టులోనుంచి నేను తెచ్చిందే. ఆంజనేయస్వామికి మొక్కు అర కొబ్బరికాయతో మొదలుపెట్టి, మొగ్గ కదలకపోయేసరికి పదకొండు కాయల దాకా పెంచాను. అవతలివాడు నోరు మెదపకుండా ఉంటే బేరగాళ్లు ఎంత దూరం పోతారో నాకు అప్పుడు తెలిసింది.

ప్రదర్శన రోజు వచ్చింది. చెక్కల మెట్ల మీద ఊళ్ల వారీగా కుండీలు పెట్టారు. డేలియాలు, సీతమ్మ జడలు, రకరకాల చామంతులు. పక్క పట్టణం నుంచి వచ్చిన పసుపు చామంతి అన్నిటి మీద వెలిగిపోతోంది. మా తెల్లది అప్పుడే రేకుల కొసలు విప్పుతోంది, పసిపిల్ల పిడికిలిలా. పిల్లలం వచ్చినవారికి మంచినీళ్లు ఇస్తూ తిరుగుతున్నాం. ఆఫీసరు మా కుండీ ముందు ఆగినప్పుడు గ్లాసుల పళ్లెంతో నేను మూడడుగుల వెనక ఉన్నాను.

"ఏందయ్యా, ఇదేనా నువ్వు చెప్పిన పువ్వు?"

మాలి తాత మఫ్లరు విప్పి చేతిలో పట్టుకున్నాడు. "అవు సార్. మొగ్గలు గిల్లేకాడ నా చెయ్యి తప్పింది సార్."

ఆఫీసరు ఆయన వంక ఒకసారి, పువ్వు వంక ఒకసారి చూసి ముందుకు నడిచాడు. పావలా కోసం పావుగంట వాదించే నా నోటికి ఆ ఒక్క నిమిషంలో ఒక్క మాట దొరకలేదు.

పందిళ్లు విప్పి, లారీలు వెళ్లిపోయి, తోట మళ్లీ ఖాళీ అయిన పదో రోజో పదకొండో రోజో మాలి తాత కొట్టుకు వచ్చి, బీడీలు తీసుకుని, పొద్దుగూకక ముందు ఒకసారి తోటకు రమ్మన్నాడు. వెళ్లాను. ఖాళీ చెక్కమెట్ల మీద, పైమెట్టున, ఆ ఒక్క కుండీ పెట్టి ఉంది. పువ్వు పూర్తిగా విచ్చింది. మా కొట్టులో తక్కెడ పళ్లెం అంత ఉంది. తెల్లటి రేకులు లోపలికి వంపు తిరిగి, ఒకదాని మీద ఒకటి, లెక్కకు అందనన్ని. చూడటానికి ఆయన, నేను, దూరంగా ఒక ఊడ్చే ఆమె తప్ప ఎవరూ లేరు.

"మంచిగ పూసింది గద బిడ్డా. దీని తప్పేం లేదు."

నేనే చేశానని సారుకు ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే పువ్వు తొందరగా విచ్చేదా అన్నాడు.  పోయేటప్పుడు మాత్రం ఇంకో మాట అన్నాడు. "నువ్వు చెడగొట్టాలని చెయ్యలే. నాకు మేలు చేద్దామనుకున్నవ్. గని మేలు చేసేముందుగాల ఆ మనిషిని ఒక్కమాట అడగాలె."

తెలంగాణ వచ్చాక ఆ తోటకు కొత్త గేటు పెట్టారు, నడిచే బాట వేశారు. చలికాలం ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి. రెండేళ్లుగా పిల్లలకు కుండీలు నింపడం నేర్పేది నేనే. పోయినేడు ఒక పిల్ల బంతి నారును మెడలోతు పూడ్చేసింది. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. వెనక్కి తీసుకుని, సరి చేయనా బిడ్డా అని అడిగాను. "వద్దు అమ్మమ్మా, నాది నేనే చూసుకుంట" అంది. చచ్చిపోతుందని నేను తీర్మానించిన ఆ మొక్క పూడ్చిన కాండం నుంచి కూడా వేళ్లు వేసి, తక్కిన అన్నిటికంటే బలంగా నిలబడింది. అడగడం వల్ల ఒక బంతి మొక్క నా తెలివి బారిన పడకుండా బతికింది. అలా నా ఇంట్లో, నా కోడళ్ల వంటల్లో, నా మనవల చదువుల్లో ఎన్ని బతికాయో నాకు తెలియదు.

మిగిలింది కూడా చెప్పాలి. ఆ ఆఫీసరుకు ఎండాకాలం లోపే బదిలీ అయింది. తర్వాత వచ్చినవారికి ఆ మాట సంగతే తెలియదు. మాలి తాత ఇంకో తొమ్మిదేళ్లు రోజుకూలీగానే చేశాడు. దగ్గుతో మంచాన పడిన రోజు నుంచి కూలీ ఆగిపోయింది. మా బాపు బియ్యం పంపేవాడు, నేనే తీసుకుపోయేదాన్ని. "ఏం సావుకారమ్మా" అని తాత నవ్వేవాడు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు, ఆఫీసుకు వెళ్లి జరిగింది చెప్పగల వయసే. చెప్పలేదు. బాపుకు కూడా చెప్పలేదు. తాత పోయాక ఆయన ఇంటామెకూ చెప్పలేదు.

ఏ దుకాణంలోనైనా వెల ఇచ్చినవారే సరుకు ఇంటికి తీసుకుపోతారు. ఆ ఏడు ఆ తోటలో వెల ఇచ్చింది ఆయన, సరుకు తెచ్చుకుంది నేను.