తాత ఫోటో ముందు నల్ల అరిసెలు

మా చిన్నప్పుడు... చలికాలం పొద్దున్నే ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలోని మా క్వార్టర్ చుట్టూ పొగమంచు, బొగ్గుపొగ కలిసి నిలబడేవి. ఎదురింటి గోడ కనబడేది కాదు. ఆ మసకలో సైకిల్ బెల్లు వినబడితే గోపాల్ దాదా వచ్చాడని అర్థం. ఆయనకంటే ముందు ఈతబెల్లం వాసన వచ్చేది... కొంచెం పొగ, కొంచెం పచ్చి ఆకు.

గోపాల్ దాదా మా తాతతో రైల్వే వర్క్‌షాప్‌లో పాతికేళ్లు కలిసి పనిచేసిన బెంగాలీ. తాత పోయాక కూడా ఏటా తన ఊరినుంచి ఈతబెల్లం అచ్చులు గుడ్డలో కట్టి తెచ్చి ఇచ్చేవాడు. దాంతోనే మా నాయినమ్మ తాత తిథికి అరిసెలు చేసేది.

ముందురోజే బియ్యం నానబోసేవాళ్లు. అమ్మ దంచేది, జల్లెడ పట్టడం నా పని. పిండి ఆరిపోకుండా నాయినమ్మ తడిగుడ్డ కప్పేది. పాకం బొట్టు నీళ్లగిన్నెలో వేసి, వేలితో తోసి చూసేది. ఉండ కుదిరేదాకా ఎవరూ మాట్లాడకూడదు...

మొదటి వాయి తాతది. ఫోటో ముందు పెట్టి ప్రతి ఏడూ అదే మాట.

"ఏటనుకోకు మావా... మా అయ్య బెల్లం కాదు. ఈ ఏటికి సర్దుకో."

దాని వెనక సంగతి అమ్మ చెప్పింది. నాయినమ్మ పుట్టిల్లు అనకాపల్లి దగ్గర పల్లె. వాళ్ల నాన్న చెరుకు ఆడించి బెల్లం వండేవాడు. ఆవిడకి బెల్లమంటే అదే. మిగతాదంతా ఏదో తీపి.

తాత రైల్వే ఆసుపత్రిలో ఉన్నప్పుడు అరిసె తినాలని ఉందన్నాడట. ఇంట్లో ఈతబెల్లం ఉంది. అయినా ఈసారి మంచి బెల్లంతో చేసి పెట్టాలని నాయినమ్మ పుట్టింటికి కబురు పంపింది. బెల్లం ఎనిమిదో రోజున వచ్చింది. తాత ఆరో రోజున పోయాడు.

వచ్చిన బెల్లాన్ని ఆవిడ ముట్టుకోలేదు. పక్కింటివాళ్లకి ఇచ్చేసింది. తరవాత ఆవిడ నాన్న పోయాడు, పొలం చేతులు మారింది. ఇంక పంపేవాళ్లు లేరు.

నేను ఏడో తరగతిలో ఉండగా, అనకాపల్లి వైపు కాపురం చేస్తున్న మా చిన్నత్త తిథికి వచ్చింది. సంచిలో బెల్లం దిమ్మ. ఆ పొలంలో ఇప్పుడు వండుతున్నవాళ్లని అడిగి తెచ్చిందట. నాయినమ్మ దిమ్మని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూచుంది... వేలితో గీకి నాలిక్కి రాసుకుంది.

ఆ రోజు మమ్మల్నెవర్నీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. అరిసెలు ఎర్రగా, గుండ్రంగా వచ్చాయి. ఫోటో ముందు పెట్టింది.

"ఇదిగో మావా. అడిగినావు కదా."

మధ్యాహ్నం గోపాల్ దాదా ఎప్పట్లాగే భోజనానికి వచ్చాడు. నాయినమ్మ ఆయన ఆకులో నాలుగు అరిసెలు వేసింది.

"తిను బాబూ. ఇన్నాళ్లకి అసలైనవి సేసినాను."

ఆయన ఒక ముక్క కొరికాడు. బాగుందన్నాడు. మళ్లీ కొరకలేదు.

"ఏటి, పాకం ముదిరిందా?"

"లేదు బౌదీ, భాలో హొయెఛే, బాగుంది... కానీ మా దాదా అరిసె ఇది కాదు."

తాతని దాదా అని, నాయినమ్మని బౌదీ అని పిలిచేవాడు ఆయన, సొంత అన్నావదినల్లా. వర్క్‌షాప్‌లో నేర్చిన తెలుగులో మెల్లగా చెప్పాడు. చలికాలం సెలవురోజుల్లో తాత ఆయనతో లోకల్ రైలు ఎక్కి వాళ్ల ఊరు వెళ్లేవాడట. ఈతరసం కాచే పొయ్యి పక్కనే కూచుని, వేడి బెల్లం ఆకులో వేయించుకుని తినేవాడట. తోటి పనివాడు ఒకడు అనకాపల్లి బెల్లం తెచ్చిస్తానంటే వద్దన్నాడట.

"మరి నాకు సెప్పలేదేటి?"

"నేనూ అడిగినాను బౌదీ. దాదా ఏమన్నాడంటే... 'నీకు తెల్దురా గోపాల్. ఈతబెల్లం బాగుందంటే మీ బౌదీ అయ్య బెల్లాన్ని తీసిపారేసినట్టే. నాలుగు రోజులు నాకు కూడు పెట్టదు.'"

మాకు నవ్వొచ్చింది. చిన్నత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయినమ్మ నవ్వలేదు.

"అప్పుడు ఇంట్లో ఉంది," అంది. "డబ్బా నిండా ఉంది. అడిగిన నాడే సేసుంటే... తినే పోయేవోడు."

వర్క్‌షాప్ సైరన్ మోగింది. అది ఆగాక నాయినమ్మ నావైపు తిరిగింది.

"పిండి మిగిలిందేటి, సూడు."

తడిగుడ్డ తీసి చూశాను. రెండు గుప్పిళ్లు ఉంది.

"ఆ ఈతబెల్లం డబ్బా ఇలా తే."

మళ్లీ పొయ్యి వెలిగేసరికి పొద్దు వాలింది. పాకం పొంగుతుంటే వంటింట్లో ఆవిరి, కిటికీ బయట దిగుతున్న మంచు ఒకటే అయిపోయాయి... ఇల్లు మాది కాదు, ఏదో ఈతతోపులో ఉన్నట్టు అనిపించింది. గోపాల్ దాదా గుమ్మంలో కళ్లు మూసుకుని కూచున్నాడు.

నాలుగు అరిసెలు వచ్చాయి. నల్లవి, అంచులు విరిగినవి. ఫోటో ముందు పెట్టింది. ఎప్పుడూ అనే మాట అంటుందని చూస్తున్నాం. సర్దుకోమని అనలేదు.

"ఎంత దొంగోడివి మావా," అంది.

...

నాయినమ్మ పోయింది. గోపాల్ దాదా పోయాడు. ఆ క్వార్టర్‌లో ఎవరున్నారో తెలీదు. ఈతబెల్లం ఇప్పుడు ప్యాకెట్టులో వస్తోంది, పొగ వాసన లేకుండా. పిండి మిక్సీలో పట్టుకుంటున్నాను. అయినా ఏటా రెండు రకాలూ చేస్తాను. నల్లవి తాతకి, ఎర్రవి నాయినమ్మకి... వాళ్ల వాళ్ల బెల్లం వాళ్లకి.

మీరూ పోయినవాళ్ల కోసం ఏదో ఒకటి వండుతూనే ఉంటారు. ఏం వండుతారో రాయండి... అది వాళ్లకి నిజంగా ఇష్టమేనని మీకెలా తెలిసిందో కూడా.