మా బావ గిటారుకు పరిచిన మెట్లు

పోయిన వారం వికారాబాద్‌లో చెవుల డాక్టరు మా బావ రెండు చెవుల్లో చిక్కుడు గింజంత మిషన్లు పెట్టి పంపించాడు. తాండూరు రైలెక్కినప్పటి నుంచి మనిషి చిన్నపిల్లవాడైపోయాడు. "అరే బామ్మర్ది, కాగితం గూడ గింత చప్పుడు చేస్తదారా?" అంటూ పల్లీల పొట్లాన్ని నలిపి నలిపి చూశాడు. ఎదురు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు కన్నడంలో ఏదో చెప్పుకుంటుంటే, ముక్క అర్థం కాకపోయినా మెడ చాచి విన్నాడు. నేనూ నవ్వుతూనే ఉన్నాను. తాండూరు రాబోతుండగా నా తొడ మీద చరిచి, "ఆదివారం బిడ్డను రమ్మను. గిటార్ ఇనాలె. గిన్నొద్దులు చేత్తోని ఇన్న, ఇగ చెవులతోని ఇంట" అన్నాడు. నా నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

ఎందుకో చెప్పాలంటే ఐదేళ్లు వెనక్కి పోవాలి. మా అక్క భర్త, ఈ బావ, ఇరవై ఏళ్లు తాండూరులో బండలు కోసే మిషన్ దగ్గర నిలబడ్డాడు. అక్కడ మాట్లాడడమంటే అరవడమే. చెవులు బాగా మందగించాక ఆ పని మానేసి, ఇళ్లలో బండలు పరిచే మేస్త్రీ అయ్యాడు. దారం కట్టి, మూలమట్టం పెట్టి పరిస్తే, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సందుల్లో వెంట్రుక తేడా ఉండేది కాదు. ఎవరింటికి పోయినా ముందు మనుషుల్ని కాదు, నేలను చూసేవాడు. "ఎవడేసిండో గని పాడు జేసిండు" అని ఇంటాయన ముందే, అదీ అరిచి మరీ అనేవాడు. మా అక్క కొంగు నోట్లో కుక్కుకునేది.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, నా మేనకోడలు. పాటంటే ప్రాణం. ఆ పిల్ల వంటింట్లో పాడితే వీధిలో పోయేవాళ్లు ఆగి వినేవాళ్లు. పక్కనే కూర్చున్న తండ్రికి మాత్రం వినపడేది కాదు. పెదవులు చూసి తల ఊపేవాడు, పాట అయిపోయాక కూడా ఊపుతూనే ఉండేవాడు. ఒకసారి పరిగి దగ్గర ఎవరి పెండ్లిలోనో స్పీకర్ డబ్బాకు ఆనుకుని నిలబడ్డాడట. గిటార్ మోత వీపులో నుంచి పక్కటెముకల్లోకి దిగిందట. మరునాడే వికారాబాద్‌లో నా మోటార్ వైండింగ్ షాపుకొచ్చాడు. "బిడ్డకు కరెంటు గిటార్ చేస్త. డబ్బ మీద చెయ్యి వెడ్తె బిడ్డ పాట నాకు ముడ్తది" అన్నాడు. కొందాం బావా అంటే, "నా బిడ్డది నేనే చేస్త" అని మొండికేశాడు. ఆయనతో వాదించాలంటే గొంతు పోవాలి. ఒప్పుకున్నాను.

పాత టేకు తలుపును కోసి గిటార్ ఒళ్లు చేశాడు. రాయికి పాలిష్ పట్టే ఓపికతో రుద్ది రుద్ది అద్దంలా చేశాడు. తీగల కింద పెట్టే అయస్కాంతాలకు జుట్టు కన్నా సన్నని రాగితీగ నేనే చుట్టాను. వేల చుట్లు, తెగితే మళ్లీ మొదటికే. పంపు మోటార్లు తెచ్చిన మర్పల్లి రైతులు వాటిని పక్కన పెట్టి నేను చేస్తున్న ఈ నిర్వాకం చూసి, తిట్టి పోయారు. ఇక మిగిలింది మెడ, దాని మీద వేళ్లతో నొక్కేచోట అడ్డంగా ఉండే మెట్లు. సైకిల్ పుల్లలు తుంచి, గాట్లలో దించి, రాయిని రాయికి పట్టించే గమ్ముతో అతికించాలని బావ ఆలోచన. ఆ గమ్ము ఒకసారి పట్టిందంటే రాయి పగలాలి గానీ ఊడదు. గాట్లకు గీతలు గీస్తుంటే నేను ఫోన్లో బొమ్మ చూపించి, "బావా, గీ సందులు పోంగ పోంగ చిన్నగైతున్నయి గదా" అని చెవి దగ్గర అరిచాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "పిచ్చోడా, ఫోటోల గట్లనే కనవడ్తది. నేను పరిసిన బండలు ఫోటో తియ్యి, దూరంవి చిన్నగ కనవడ్తలేవా?" అన్నాడు. దారం కట్టి, వెంట్రుక తేడా లేకుండా, అన్ని మెట్లూ సమానంగా పరిచాడు. ఆ మాట నాకూ మహా సబబుగా తోచింది. ఇద్దరం ఇద్దరమే!

గిటార్ పూర్తయిన ఆదివారం బిడ్డ హాస్టల్ నుంచి వచ్చింది. ఒట్టి తీగలు మీటితే నిండుగా మోగాయి. వేలు పెట్టి నొక్కిందో లేదో, పాట వంకరపోయింది. సందులు వరసగా తగ్గుతూ పోతేనే స్వరం సరిగ్గా పలుకుతుందని ఆ పిల్ల నాకు తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం చెప్పబోయి తండ్రి వైపు చూసి ఆగిపోయింది. ఆయన పాత హోం థియేటర్ డబ్బా మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఏడుస్తున్నాడు. "ముడ్తుంది బిడ్డా, ముడ్తుంది" అంటున్నాడు. ఇక ఎవరు చెప్తారు? బిడ్డ చెప్పలేదు, అక్క చెప్పలేదు, నేనైతే నోరెత్తలేదు. ఐదేళ్లూ ఇంటికొచ్చినప్పుడల్లా ఆ పిల్ల ఆ వంకర పాటే వాయించింది, ఆయన చేత్తో విన్నాడు.

అందుకే మొన్న శనివారం అక్క నన్ను పక్కకు పిలిచింది. "గా రాగితీగ నువ్వే చుట్టినవ్, నువ్వే తెంపు తమ్మి. కాలిపోయిందని చెప్దాం. లేకుంటే ఆయన పానం ఏమైతది?" అంది. కటింగ్ ప్లేయర్ పట్టుకుని గిటార్ ముందు కూర్చున్నాను. కాలిన మోటార్లలో ఎన్ని తీగలు పీకి పారేశానో లెక్కలేదు. ఈ ఒక్క తీగ దగ్గర చెయ్యి ఆడలేదు. తెంపితే ఒక అబద్ధం, తెంపకపోతే పాత అబద్ధం బయటపడుతుంది. ఏం చెయ్యాలో తోచక లేచి వచ్చేశాను.

మరునాడు ఆదివారం బిడ్డ వచ్చి ఒట్టి తీగలు మీటింది. బావ ముఖం వెలిగింది. "నొక్కి వాయించు బిడ్డా" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను నేల మీది బండల వైపు చూశాను. నొక్కింది. బావ కనుబొమ్మలు ముడిపడ్డాయి. మిషన్లు సర్దుకుని, "మల్ల" అన్నాడు. మళ్లీ అదే వంకర. గిటార్ అందుకుని మెట్లన్నిటినీ ఒక్కొక్కటిగా బొటనవేలితో తడిమాడు.

"ఎప్పటి సంది గిట్ల?"

"మొదటి దినం సంది, నాయినా."

"అందరికి ఎర్కేనా?"

ఆయన నా దిక్కు తిరిగి, "గా ఫోటో నిజమే చెప్పింది గదరా బామ్మర్ది" అన్నాడు. తిడితే బాగుండును అనిపించింది. తిట్టలేదు. మిషన్లు రెండూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. డబ్బా మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, "వాయించు బిడ్డా" అన్నాడు. ఆమె ఏడుస్తూనే పాట మొత్తం వాయించింది.

ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ ఐదేళ్లు ఆ ఫోటోలోని సందుల్లా పోనుపోను ఇరుకుగా కనబడుతున్నాయి. అవి నిజంగానే అంత చిన్నవా, దూరం వల్ల అట్లా కనబడుతున్నాయా? అడుగుదామంటే, ఈ ఒక్క విషయంలో మా బావ మాట నమ్మలేను.