సోమన్న గారు అడిగిన తొలి దెబ్బ

ఇప్పుడే బోల్టులు బిగించి వచ్చాను. అరచేతిలో ఇనుము వాసన. నిజానికి ఇనుముకు వాసన లేదు, చర్మంలోని నూనె దాన్ని తాకినప్పుడు పుట్టేదది. ఈ సంగతి తెలిసినా, ఆ వాసన వెంట సోమన్న గారు రాక మానరు. డుంబ్రిగుడ దగ్గరి కొండపల్లె మనిషి, కేబుళ్లు వేసే ముఠాకు పెద్ద. అప్పట్లో నేనేమో భౌతికశాస్త్రం చదివి, రుజువు లేనిదే ఎవరి మాటా నమ్మని కొత్త ఇంజనీరుని. నా మాటకు మాత్రం నన్ను నేను రుజువు అడిగేదాన్ని కాదు.

ముంచింగిపుట్టు వైపు ఒక ఆసుపత్రికి కేబుళ్లు వేస్తున్నాం. షార్ట్ సర్క్యూట్ అయితే పక్కపక్కనున్న కేబుళ్లు ఒక్కసారిగా విదిలించుకుంటాయి. వాటిని కదలకుండా పట్టి ఉంచే బిగింపులే క్లీట్లు. ఎంత బలమైనవి, ఎంత దూరానికొకటి అన్నది నా లెక్క. తొమ్మిది వందల మిల్లీమీటర్లకొకటని సంతకం చేశాను. సగం బిగించాక సోమన్న గారు వచ్చారు.

"షార్టయినప్పుడు తొలి దెబ్బ ఎంతుంటాదో, అదేనా ఎట్టినావు తల్లీ?"

"లెక్క సరిగానే ఉంది, సోమన్న గారూ."

"ఉంటే మంచిదే. ఓపాలి సూడు. నాకు లెక్క రాదు, బయం వొచ్చు."

చూశాను. కరెంటు స్థిరపడ్డాక ఉండే విలువ వేశాను. తొలి క్షణంలో అది అంతకు రెండింతలు దాటుతుంది. కేబుళ్ల మధ్య తోపుడు ఆ కరెంటు వర్గంతో పెరుగుతుంది: కరెంటు రెండింతలైతే తోపుడు నాలుగింతలు. మరింత బలమైన క్లీట్లు, మూడు వందల మిల్లీమీటర్లకొకటి కావాలి. మర్నాడే కరెంటు ఇవ్వాలి. నాదింకా ప్రొబేషన్. అయినా పని ఆపించాను.

ఫోనులో మా అధికారి ఆలస్యమెందుకని అరుస్తుంటే సోమన్న గారు ఫోను లాక్కున్నారు. "కొలత నేనే తప్పెట్టినాను బాబూ."

నేను ఫోను తిరిగి తీసుకుని, తప్పు నాదని చెప్పాను. తిట్లు తిన్నాను. ఉద్యోగం మిగిలింది, పని నాలుగు రోజులు ఆగింది.

"అబద్ధం ఎందుకు చెప్పారు?" అని అడిగాను.

"నన్నేటి సేత్తారు? నువ్వు కొత్త గుంటవి, ఆడపిల్లవి."

"మళ్లీ అన్నీ ఇప్పాలేటి?" అని ముఠాలో వాళ్లు నవ్వారు. ఆయన నన్ను కేబుల్ డ్రమ్ము మీద కూర్చోబెట్టారు. "ఇత్తనాలు దేవుడి కాడ అందరికీ సూపించి గాని మేం సల్లం. నీ లెక్క సదువు, ఇంటాం."

తప్పు లెక్క, ఒప్పు లెక్క, రెండూ చదివాను.

ఆ క్లీట్లు ఎవరి ప్రాణమైనా కాపాడాయా అంటే, చెప్పలేను; అక్కడ అలాంటి షార్ట్ సర్క్యూట్ జరిగినట్టు నాకు తెలియదు. చెప్పగలిగింది ఇంతే: ఇవాళ్టికీ మొదటి క్లీటు బిగించే ముందు, బిగించేవాళ్లకు నా లెక్క బిగ్గరగా చదివి వినిపిస్తాను. మధ్యలో ఎవరైనా "ఆగండి మేడమ్" అంటే, ఆగుతాను.