హద్దా అత్త ఒంటె

మా ఎడారి ఊరు దూజ్‌లో హద్దా అత్తకు ఒంటే లోకం. దాన్ని చూడ్డానికి రాజధాని నుంచి పరిశోధన చేసే అమ్మాయి వస్తోందని కబురందగానే, పరువు పోతుందని దాని ఒంటిమీద రక్తం పీల్చే పిడుదులన్నీ ఏరి టీ కాచే నిప్పుల్లో పడేసింది.

మర్నాడు వచ్చిన ఆ అమ్మాయి నజీబా ఒంటెనంతా వెతికి, ఖాళీ సీసాతో నీరుగారిపోయింది.

"ఆ పిడుదుల కోసమే వచ్చాను అత్తా. అవి ఏ రకమో, ఏ జబ్బులు మోస్తాయో చూడాలి. మొదటిసారి పంపించారు, ఉత్తచేతులతో ఎలా వెళ్లను?"

"ముందే చెప్పొద్దా బిడ్డా? పద, మా ఆడబిడ్డ ఒంటెను ఏనాడూ దులిపిన పాపాన పోలేదు."

వచ్చిన పని వినగానే ఆడబిడ్డ గుమ్మంలోనే అందుకుంది. "నా ఒంటెకు పిడుదులా? కళ్లు పోయాయా వదినా?"

"పిడుదులున్న ఒంటెకే ఇవాళ మర్యాదట."

"అలాగా. అయితే తోక కింద చూడమ్మా, లావుపాటివన్నీ అక్కడే."

సీసా నిండేసరికి నజీబా ఆడబిడ్డను వాటేసుకుంది.