అక్క పొయ్యి ఎక్కని గుమ్మడికాయలు

మా బావ ముప్పై ఏళ్లుగా సెలూన్‌లో అందరి జుట్టూ కత్తిరిస్తున్నాడు. ఆయన తల మీద మాత్రం భూతద్దం పెట్టి వెతికినా ఒక్క వెంట్రుక దొరకదు. మా అక్క నేను పాఠాలు చెప్పే బడి వంటగదిలోనే పెద్ద వంటమనిషి. రోజూ రెండు వందల ముప్పై మంది పిల్లలకు వండుతుంది. పొద్దస్తమానం జుట్టులో ఉండే మనిషికీ, వెంట్రుక కనబడితే ఉద్యోగం పోయే మనిషికీ ముడిపెట్టిన మా నాన్నను ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. సాయంత్రం బావ స్నానం చేసి, బట్టలు మార్చుకుంటే తప్ప అక్క ఆయన్ని వంటగది గడప దాటనివ్వదు.

ఐదేళ్ల కిందట, ఆకులు రాలే కాలంలో, బావకు ఒక బుద్ధి పుట్టింది. పెరట్లో గొయ్యి తవ్వి, రాలిన ఆకులూ సెలూన్‌లో ఊడ్చిన జుట్టూ పొరలు పొరలుగా వేయడం మొదలుపెట్టాడు. రంగు వేసిన జుట్టు వేరే సంచిలోకి పోయేది, మామూలు జుట్టే గోతిలోకి. రెండేళ్లు మాగబెట్టి, ఆ ఎరువు వేసి గుమ్మడి పాదులు పెట్టాడు. కాయలు ఎలా కాశాయంటే, ఒక్కోటి ఎత్తడానికి నాలాంటి లెక్కల మాస్టారికి రెండు చేతులూ చాలలేదు.

అక్క వాటి వంక చూడలేదు. "ఆ గోతిలో పండింది బంగారమైనా సరే, నా పొయ్యి ఎక్కదు" అని తేల్చేసింది.

నాకు ఒళ్లు మండింది. కానీ తప్పు పట్టలేకపోయాను. ఒకసారి ఎవరో పిల్లాడి కంచంలో వెంట్రుక వచ్చిందని ఆమెను తల్లిదండ్రులందరి ముందూ నిలబెట్టి మాట్లాడారు. ఆ రోజు ఇంటికొచ్చి ఎంత ఏడ్చిందో నేను చూశాను. అప్పటి నుంచి తలకు టోపీ మీద టోపీ పెట్టుకుని వండుతోంది.

బావ ఏం చేస్తాడు? రెండేళ్లు కాయలన్నీ వీధిలో పంచాడు. తిన్నవాళ్లంతా లొట్టలేశారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా బావ ముందు రచ్చ గెలిచి, ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"వీధంతా తిన్నార్రా బామ్మర్దీ" అన్నాడు ఒకనాడు నా జుట్టు కత్తిరిస్తూ. "పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. కూరకి కూడా పనికిరాదేమో. మీ అక్క ఒక్క ముక్క నోట్లో పెట్టుకుంటే చాలు నాకు." అద్దంలో ఆయన ముఖం చూసి నేను వేళాకోళం ఆడలేకపోయాను.

ఈ ఏడు తోటల మీద అడవి పందులు పడ్డాయి. తెల్లారి చూస్తే బడికి కాయలు పంపే రైతు తోటలో ఒక్క పాదు మిగల్లేదు. బజారులోనూ కాయ లేదు. గురువారం బడిలో గుమ్మడికాయ సూప్ చేయాల్సిన రోజు. ఇక మా బావ పెరట్లోనా, కంచె చుట్టూ పాత మేజోళ్లలో జుట్టు కూరి ముందే వేలాడదీసి ఉంచాడేమో, కాయలన్నీ నిగనిగలాడుతున్నాయి. పందులకూ మా అక్క పట్టింపే ఉన్నట్టుంది, జుట్టు వాసన తగలగానే వెనక్కి తిరిగాయి. ఈ మాట అక్క దగ్గర అనలేదు. నాకూ అన్నం కావాలి మరి.

బుధవారం సాయంత్రం అక్క కత్తి పట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఒక కాయ కోసి, మూడుసార్లు కడిగి, మెట్టు మీద పెట్టి రెండు చెక్కలు చేసింది. గుజ్జులో వేలు పెట్టి గింజ గింజా కెలికి చూసింది. బావ పరీక్ష రాసిన పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇది కాక ఎన్ని ఉన్నాయి?"

"నలభై."

"ఇరవై కావాలి. రేపు పొద్దున్నే మీరే బండి మీద తీసుకురండి. తలకి టోపీ పెట్టుకుని."

"నా తలకి టోపీయా?"

"నా వంటగదిలో రూలంటే రూలే."

మర్నాడు ముక్కలు వేగుతుంటే ఆ వాసనకు నా క్లాసులో ఎవరికీ లెక్కలు ఎక్కలేదు, నాకూ ఎక్కలేదు. వడ్డనకు అరగంట ముందు వంటమనిషీ, ఒక మాస్టారూ రుచి చూసి పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ వారం వంతు నాది. నేను తాగాను. వెల్లుల్లి, మిరియాలు, అడుగున ఆ కాయ తీపి. చెంచా నాకేశాను.

అక్క చెంచా పైకెత్తింది. సరిగ్గా అప్పుడే హెడ్మిస్ట్రెస్ లోపలికి వచ్చారు.

"తోట పోయిందన్నారుగా, ఈ కాయలెక్కడివి?"

'తెలిసినవాళ్లు ఇచ్చారు' అంటే సరిపోయేది. కాయలు దించి, టోపీతో మూలనే నిలబడిపోయిన బావ తల దించుకున్నాడు.

"మా ఆయన పండించారండి" అంది అక్క. "ఆయన సెలూన్‌లో ఊడ్చిన జుట్టు మాగబెట్టి, ఆ ఎరువుతో పండించారు. ప్రతి కాయా నేనే కడిగాను, నేనే కోశాను. నా పూచీ. ఏమన్నా వస్తే నన్నే అడగండి."

అని ఆ చెంచా నోట్లో పెట్టుకుంది.

అక్క చెంచా కింద పెట్టి, పెద్ద గిన్నె తీసుకుని నిండా పోసుకుంది. పొయ్యి పక్కనే నిలబడి, ఊదుకుంటూ, అడుగు కనబడేదాకా తాగింది. హెడ్మిస్ట్రెస్ ఆమెనూ గిన్నెనూ మార్చి మార్చి చూసి, "నాకూ కాస్త పోయండి" అన్నారు.

ఒంటి గంటకల్లా డేగిసా ఖాళీ. మారు అడిగినవాళ్లకు రొట్టెతో అంచులు తుడిచి పెట్టాల్సి వచ్చింది. మా బావ టోపీ చేతిలోకి తీసుకుని, సిగ్గులేకుండా దాంతోనే కళ్లు తుడుచుకుంటున్నాడు. నా కళ్లూ ఊరుకోలేదు.

అక్క ఆయన కోసం దాచిన గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది.

"చల్లారకముందే తాగండి. మిగతా ఇరవై ఎవరికీ పంచకండి, ఇంట్లోకి కావాలి."