అందరి తర్వాత తినే మనిషి

ఆ మంగళవారం నూలు అందక మగ్గం ఆగింది. మధ్యాహ్నం మూడు గంటలకు వంటింట్లోకి వెళ్తే నా భార్య సుగుణ ఒక్కతే కూర్చుని తింటోంది. ముద్ద పెట్టుకుంటుంది, నీళ్ళు తాగుతుంది, కళ్ళు మూసుకుని ఆగుతుంది. నాలుగు ముద్దలయ్యాక మిగిలిన అన్నం కుడితి తొట్టిలో వేసింది. అడిగితే గుండె మీద వేలు పెట్టి చూపించింది.

"ఈడ నిలస్తాది. నీళ్ళు తాగితే దిగతాది."

ఎన్నాళ్ళ నుంచి అంటే దీపావళి నుంచి అంది. అప్పటికి ఉగాది దాటింది.

మాది తమిళనాడులో వేలూరు దగ్గరి గుడియాత్తం. అక్కడి ఆసుపత్రి గేటు దగ్గర, రోగుల వెంట వచ్చినవాళ్ళకు సుగుణ పదకొండేళ్ళుగా మధ్యాహ్నం సాంబారన్నం పెట్టేది. ఆమెకు రెండు నియమాలు. బియ్యం ఎవరినీ అడగకూడదు, స్వామి పంపినదే, అంటే ఎవరైనా తమంతట తాము తెచ్చి ఇచ్చినదే వండాలి. చివరి మనిషి తిన్నాకే తాను తినాలి. ఆమె పొద్దున్నే వండిన అన్నం నేను పుస్తకం ముందు పెట్టుకుని తిని, మగ్గం దగ్గరికి పోయేవాణ్ణి. ఆమె ఎంత తింటుందో ఒక్కరోజూ చూడలేదు. చిక్కిపోతుంటే శనివారం ఉపవాసాల వల్ల అనుకున్నాను.

వేలూరు ఆసుపత్రిలో నోట్లోంచి కెమెరా గొట్టం దించి ఎండోస్కోపీ చేశారు. డాక్టరమ్మకు తెలుగు వచ్చు.

"స్కోప్ కిందికి పోలేదు. ఈసోఫేగస్‌లో, అంటే అన్నం దిగే గొట్టంలో గడ్డ ఉంది, ముక్క తీసి బయాప్సీకి పంపాం" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఇంత తగ్గిపోయింది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

సుగుణే చెప్పింది. "నేను అందరూ తిన్నాక తింటానమ్మా. ఆయనేం జేస్తాడు."

క్యాన్సర్ అని తేలింది. ఐదు వారాలు రేడియేషన్, వారానికోసారి కీమో. గొంతు పుండై ఉమ్మి కూడా దిగలేదు. ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేశారు. నేను అందులో సిరంజితో ఫీడ్, గంజిలాంటి పల్చటి ఆహారం, పోసేవాణ్ణి. గుడియాత్తంలో గేటు దగ్గరి వంట పక్కింటి ఆడవాళ్ళు చూసుకున్నారు. వేలూరులో ఆసుపత్రి బయట ఎవరో అన్నం పెడుతుంటే, వరుసలో నిలబడడానికి సిగ్గుపడి రెండు రోజులు పస్తున్నాను. మూడోరోజు ఆమె గిన్నె చేతికిచ్చి పంపింది.

ఒకరోజు ఫీడ్ పోస్తూ నోరు జారాను. "ఊరికంతా అన్నం పెట్టినావు. నీ స్వామి నీ గొంతే మూసినాడు."

"మూసినాడా? మరి నువ్వు పోస్తా ఉండేది ఏందప్పా? ఉప్పు కారం లేదు, అంతే కదా."

సిరంజి కడగాలని బయటికి వెళ్ళి చాలాసేపు లోపలికి రాలేకపోయాను.

గొంతు మానాక ట్యూబ్ తీశారు. రెండు నెలలు ఇడ్లీ తింది, రసం అన్నం తింది. నేను ఎదురుగా కూర్చుని చూశాను. ఆ తర్వాత తాగిన నీళ్ళు వెనక్కి రావడం మొదలైంది. "మళ్ళీ వచ్చింది, లివర్‌లో కూడా ఉంది" అన్నారు డాక్టరమ్మ. ఇక కీమో ఇస్తే బాధే మిగులుతుందన్నారు. పొట్టకు ట్యూబ్ పెట్టి ఇంటికి పంపారు.

ఇంట్లో పడుకుని రోజూ అన్నానికి ఎంతమంది వచ్చారని అడిగేది. ఒకరోజు డబ్బాలో బియ్యం లేదు. అంగడికి వెళ్ళి అడుగుతానంటే వద్దని చెయ్యి ఊపింది. పదకొండు గంటలకు ఒక షావుకారు, తల్లి సంవత్సరీకమని రెండు మూటలు దించి పోయాడు. సుగుణ చేతులు జోడించింది. నాకు మాత్రం కోపం వచ్చింది. బియ్యం పంపిన ఆ స్వామి ఆమెకు ఒక గుక్క నీళ్ళు దిగనివ్వలేదు. ఆ తర్వాత తొమ్మిదో రోజున ఆమె పోయింది.

ఇప్పుడు నేను వండుతున్నాను. ఎవరినీ అడగను. ఆమెకున్న నమ్మకం నాకు ఉందని చెప్పలేను. బియ్యం మాత్రం వస్తోంది. చివర తినాలన్న రెండో నియమం తీసేశాను.

మీ ఇంట్లో అందరి తర్వాత తినేది ఎవరో, రోజుకు ఒక పూట వాళ్ళ ఎదురుగా కూర్చోండి. మింగడం కష్టమవుతోందనిపిస్తే, అదే తగ్గుతుందని ఆగకుండా ఎండోస్కోపీ చేయాలేమో డాక్టరును అడగండి.

వడ్డించేవాళ్ళం ముందు తినడం మొదలుపెట్టిన రోజు, వరుసలో ఉన్న ఒక ముసలాయన ఊరుకోలేదు. "పెట్టేవాడు ముందు తినేది నేను యాడా చూడలేదు నాయనా" అన్నాడు. ఎందుకో చెప్పాను. ఆయన తన గిన్నె కింద పెట్టి నా ఎదురుగా కూర్చున్నాడు.

"అట్లయితే తిను నాయనా. నేను చూస్తా ఉంటాను."